క్లోన్ చేస్తే ‘పర్మిషన్ డినైడ్’ అంటోందా? చివరి లైను వదిలేసి పై లైన్లు చదవండి

కొత్త ల్యాప్‌టాప్‌లోకి పాత ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు మీరెవరో సర్వరుకు రుజువు చేసే ఫైళ్ల జత: మీరు దాచుకునేది ప్రైవేట్ కీ, అవతల ఇచ్చేది పబ్లిక్ కీ) కాపీ చేసుకున్నారు. పబ్లిక్ కీ ఎప్పటినుంచో గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకునే సైటు) ఉంది. అయినా అక్కడి కోడ్ దించుకుందామని గిట్ క్లోన్ కొడితే ‘పర్మిషన్ డినైడ్, పబ్లిక్‌కీ’ అని వస్తోంది, ఫైలు పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్‌తో 777 (అందరికీ అన్నీ) ఇచ్చినా లాభం లేకపోయింది అని అడిగారు. ముందు ఆ 777 తీసేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. తలుపు తెరుచుకోవట్లేదని తాళంచెవి వీధిలో అందరికీ పంచిపెట్టినట్టుంది ఆ పని.

పర్మిషన్ లేదంటే ఇంకాస్త ఎక్కువ ఇవ్వాలని ఎవరికైనా అనిపిస్తుంది. ప్రైవేట్ కీ విషయంలో లెక్క తిరగబడుతుంది. ఆ ఫైలును మీరు కాకుండా ఇంకెవరైనా చదవగలిగితే ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వాడదు. 644 ఉన్నా ఒప్పుకోదు, 777 సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడంకెల్లో మొదటిది మీకు, తర్వాతి రెండూ గ్రూపుకీ మిగతావాళ్లకీ. ఆ రెండూ సున్నా ఉండాలి, అంతే. కీ ఫైలుకు 600 ఇవ్వండి (400 అయినా పర్లేదు), అది ఉన్న ఫోల్డరుకు 700. సగం మంది సమస్య ఇక్కడే తీరిపోతుంది. నాకు మాత్రం ఎప్పుడూ మిగతా సగమే తగులుతారు.

మా టీములో కొత్తగా చేరిన అబ్బాయి ఒకడు ఇలాగే ఒక పూటంతా కూర్చున్నాడు. విండోస్ మెషీన్, అందులో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) మీద ఉబుంటు అనే లినక్స్. “అన్నా, 600 ఇస్తున్నా, మళ్లీ 777 అనే చూపిస్తోంది” అంటాడు. నేను నమ్మలేదు. నా ముందే కొట్టి చూపించాడు. సీహెచ్‌మాడ్ కమాండ్ చప్పుడు చేయకుండా నడిచింది, ఎర్రర్ లేదు. వెంటనే ఫైళ్ల జాబితా తీస్తే చదవడం, రాయడం, నడపడం మూడూ అందరికీ అలాగే ఉన్నాయి. క్లోన్ కొట్టగానే తెర మీద ఎట్ గుర్తుల వరసలు, వాటి మధ్య పెద్ద అక్షరాల్లో ‘వార్నింగ్: అన్‌ప్రొటెక్టెడ్ ప్రైవేట్ కీ ఫైల్’. దాని కింద పర్మిషన్స్ 0777, టూ ఓపెన్ అని. ఆ కింద ‘దిస్ ప్రైవేట్ కీ విల్ బీ ఇగ్నోర్డ్’ అని. అన్నిటికన్నా కింద మనందరికీ తెలిసిన పర్మిషన్ డినైడ్. పొద్దున్నుంచి వాడు నాకు స్క్రీన్‌షాట్లు పంపుతూనే ఉన్నాడు, ప్రతిసారీ ఆ చివరి లైను ఒక్కటే కత్తిరించి మరీ.

అసలు సంగతేంటంటే కీ ఫైలు విండోస్ సీ డ్రైవ్‌లో ఉంది. ఉబుంటు హోమ్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డరులో దానికి లింకు మాత్రమే పెట్టుకున్నాడు. డబ్ల్యూఎస్‌ఎల్‌లో విండోస్ డ్రైవులకు మెటాడేటా ఆప్షన్ ఆన్ చేయకపోతే లినక్స్ పర్మిషన్లు దాచుకునే చోటే ఉండదు. అందుకే సీహెచ్‌మాడ్ ఏమీ చేయకుండానే చేసినట్టు వెళ్లిపోతుంది. లినక్స్ పర్మిషన్లు దాచుకోని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ నుంచి కీని నేరుగా వాడినా ఇదే గొడవ. లింకు తీసేసి, ఫైలును ఉబుంటు హోమ్‌లోకి నిజంగా కాపీ చేసి, అక్కడ 600 ఇస్తే మరుక్షణం క్లోన్ అయింది. ఆ మెటాడేటా ఆప్షన్ ఆన్ చేసుకోవడం కూడా ఒక దారే కానీ, ఒక్క కీ కోసం సెట్టింగులన్నీ కదపడం నాకు నచ్చదు.

ఆ హడావుడిలో వాడు సుడో (కమాండ్‌ను అడ్మిన్ అధికారంతో నడిపేది) పెట్టి కూడా క్లోన్ కొట్టి చూశాడు. ఈ అలవాటు ఎవరు నేర్పుతారో గానీ, ఏది పనిచేయకపోయినా ముందు సుడో తగిలించేస్తారు. సుడోతో నడిపితే ఎస్‌ఎస్‌హెచ్ మీ హోమ్ ఫోల్డరు వైపే చూడదు, రూట్ (అడ్మిన్ యూజర్) హోమ్‌లో కీ వెతుకుతుంది. అక్కడ మీ కీ ఎందుకుంటుంది? ఒకవేళ ఎస్‌ఎస్‌హెచ్ కీ అక్కర్లేని హెచ్‌టీటీపీఎస్ లింకుతో సుడో క్లోన్ అయిపోయిందనుకోండి, ఫోల్డరంతా రూట్ పేరు మీద పడుతుంది. తర్వాత మామూలుగా గిట్ కమాండ్ కొడితే ‘డ్యూబియస్ ఓనర్‌షిప్’ (ఈ ఫోల్డరు ఓనర్ మీరు కాదు) అంటుంది. 2022లో వచ్చిన గిట్ 2.35.2 నుంచి ఈ తనిఖీ ఉంది. ఫోల్డరు ఓనర్‌ను మార్చుకుంటే సరిపోయేదానికి, ఆ తనిఖీనే పూర్తిగా ఆపేసే కమాండ్ ఎక్కడో దొరికితే అది తెచ్చి అతికించేవాళ్లను చూశాను. ఒక టెన్షన్ పోగొట్టుకోవడానికి ఇంకో టెన్షన్ తెచ్చుకోవడం.

మీ విషయానికొస్తే, 600 ఇచ్చాక కూడా రాకపోతే క్లోన్ పక్కన పెట్టి ఉత్త ఎస్‌ఎస్‌హెచ్‌తోనే గిట్‌హబ్‌కి కనెక్ట్ అయి చూడండి. కమాండ్ ssh -T git@github.com. హైఫన్ పక్కన పెద్ద టీ, యూజర్ పేరు దగ్గర గిట్ అనే ఉండాలి. మీ సొంత యూజర్‌నేమ్ పెడితే పర్మిషన్ డినైడే వస్తుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. అంతా బాగుంటే మీ పేరు పెట్టి హాయ్ చెప్పి, ‘షెల్ యాక్సెస్ ఇవ్వం’ అంటుంది. అది తిట్టు కాదండీ, పని అయిందని అర్థం. హాయ్ తర్వాత వేరే అకౌంట్ పేరు కనిపిస్తే మాత్రం తప్పు కీ వెళ్తోంది. ఆఫీసుకొకటి, సొంతానికొకటి అకౌంట్లున్నవాళ్లకు ఇది మామూలే. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఏ హోస్ట్‌కు (సర్వరుకు) ఏ కీ అన్నది రాసి, ఐడెంటిటీస్‌ఓన్లీ ఎస్ అని పెట్టాలి. లేదంటే ఏజెంట్ (కీలను మెమరీలో పట్టుకుని ఉండే ప్రోగ్రామ్) దగ్గరున్న కీలన్నీ వరసగా చూపిస్తూ పోతుంది.

అదే కమాండ్‌కు చిన్న వీ కలిపితే లోపల జరిగేదంతా తెర మీద పడుతుంది. ఆ చాంతాడంత చదవక్కర్లేదు. ‘ఆఫరింగ్ పబ్లిక్ కీ’ అన్న లైను వెతకండి. అందులో మీ కీ పేరు ఉండి కూడా డినైడ్ అంటే అవతలి వైపు తేడా ఉంది, గిట్‌హబ్‌లో పెట్టిన పబ్లిక్ కీ దీని జత కాదు. ఆ లైనే లేకపోతే తేడా మీ మెషీన్‌లోనే ఉంది, సెట్టింగ్స్ పేజీలో ఎంత వెతికినా దొరకదు. ‘రిపోజిటరీ (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) నాట్ ఫౌండ్’ అని వస్తే అది ఇంకో కథ. పేరు తప్పు కొట్టకపోయుంటే కీ బాగానే ఉంది, ఆ రిపోజిటరీలోకి మీకు ప్రవేశం లేదు. ప్రైవేట్ రిపోజిటరీ ఉందన్న సంగతి కూడా బయటివాళ్లకు తెలియకూడదని అలా చెబుతుంది.

ఇంత చెప్పాను గానీ, నన్నడిగితే అసలు ఆ పాత కీని బాగుచేయొద్దు. మెషీన్ మారినప్పుడల్లా ప్రైవేట్ కీని మోసుకెళ్లడం ఎందుకు? పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం, తనకు తానే మెయిల్ చేసుకోవడం, ఇంకా దారుణం, “నీ కీ ఒకసారి చాట్‌లో పంపవా” అని అడగడం, అవతలివాళ్లు పంపడం! 2023 మార్చిలో గిట్‌హబ్ వాళ్ల సర్వరును గుర్తుపట్టించే ఆర్‌ఎస్‌ఏ రకం హోస్ట్ ప్రైవేట్ కీయే కాసేపు ఒక పబ్లిక్ రిపోజిటరీలో బయటపడింది. దాన్ని మార్చేసరికి, ఆర్‌ఎస్‌ఏ మీద నడుస్తున్నవాళ్లందరికీ హోస్ట్ కీ మారిందన్న హెచ్చరిక వచ్చింది. వాళ్లకే తప్పనిది మన చాట్ గ్రూపులో తప్పుతుందా?

ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో ఈ ల్యాప్‌టాప్‌కు ఈడీ25519 రకం కొత్త కీ చేసుకోండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2014 నుంచీ ఉంది. కీజెన్ ఆ ఫైలును 600తోనే తయారుచేస్తుంది కాబట్టి ఈ 777 గొడవే రాదు. చివర పబ్ అని ఉన్న ఫైలులోని ఒక్క లైను గిట్‌హబ్‌లో అతికించండి, రెండోది, అంటే ప్రైవేట్ కీ, ఆ మెషీన్ దాటకూడదు. పాత ల్యాప్‌టాప్ ఎవరికైనా ఇచ్చేస్తే దాని కీ ఒక్కటీ గిట్‌హబ్‌లో తీసేస్తే చాలు, ఇది నడుస్తూనే ఉంటుంది. పాస్‌ఫ్రేజ్ (కీకి పెట్టే పాస్‌వర్డ్) అడిగితే ఎంటర్ కొట్టి దాటేయకండి. ప్రతిసారీ టైప్ చేయాలేమో అని భయపడతారు, అక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్-యాడ్‌తో ఒకసారి ఏజెంట్‌కు ఇస్తే, ఆ ఏజెంట్ నడిచినంతసేపూ మళ్లీ అడగదు.