వేసవి కచేరీకి అత్తమామల్ని తీసుకెళ్ళేముందు

ప్రశ్న: మాది తిరుపతి. ఈ మధ్యే అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరికి వచ్చాం. జులైలో ఇక్కడ చాంబర్ మ్యూజిక్ ఫెస్టివల్ ఉందట. అప్పటికి మా అత్తమామలు కూడా వస్తారు. మామగారు తిరుపతి మహతి ఆడిటోరియంలో కర్ణాటక సంగీత కచేరీ అంటే వదలరు. ఇది ఆయనకు నచ్చుతుందా? ఏమేం చూసుకోవాలి? వాలంటీర్లు కావాలని కూడా అడుగుతున్నారు. నేను హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, ఉద్యోగం చేసే అనుమతి లేదు.

జవాబు: తీసుకెళ్ళండి. కానీ టికెట్ కన్నా ముందు ఓపెన్ రిహార్సల్ (శ్రోతల్ని రానిచ్చే సాధన) ఏమైనా ఉందేమో కనుక్కోండి. చాలాచోట్ల అది ఉచితం, లేదా నామమాత్రపు రుసుము. ఒకే ముక్కను ఐదారుసార్లు వాయిస్తారు, ఆపుతారు, వాదించుకుంటారు, పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటారు. ఎవరి స్వరం పైకి రావాలో, ఎవరు తగ్గాలో అక్కడే బయటపడుతుంది. మన సంగీతం విన్న చెవికి అసలు కచేరీ కన్నా ఇదే ఎక్కువ నేర్పుతుంది.

చాంబర్ మ్యూజిక్ అంటే కండక్టర్ లేకుండా, ఒక్కో స్వరపంక్తిని ఒక్కరే వాయించే చిన్న బృందం. స్ట్రింగ్ క్వార్టెట్‌లో రెండు వయొలిన్లు, ఒక వయోలా (కొంచెం పెద్ద వయొలిన్), ఒక చెల్లో (కాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే ఇంకా పెద్దది) ఉంటాయి. తంబురా లేదు, మృదంగం లేదు, మనోధర్మం లేదు. స్వరాలన్నీ కాగితం మీద రాసిపెట్టినవే. ఈ మాట మామగారికి ముందే చెప్పండి, లేకపోతే ఆలాపన కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. మొదటిసారికి షూబర్ట్ ‘ట్రౌట్’ క్వింటెట్ (ఐదుగురు వాయించేది) ఉన్న రోజు దొరికితే అదే మేలు. దాని ఐదు భాగాల్లో నాలుగోది ఆయన సొంత పాట మీద కట్టిన వేరియేషన్లు. ఒక వరస మీద సంగతులు పేర్చుకుంటూ పోయినట్టు ఉంటుంది, మనవాళ్ళు ఇట్టే పట్టుకుంటారు. ద్వోర్జాక్ ‘అమెరికన్’ క్వార్టెట్ కూడా మంచిదే. 1893 వేసవిలో అయోవాలోని స్పిల్‌విల్ అనే చెక్ వలసదారుల చిన్న ఊళ్ళో ఉండగా రాశాడు, అరగంటలోపే అయిపోతుంది. పిల్లలుంటే మెండెల్సన్ పదహారేళ్ళప్పుడు, 1825లో రాసిన ఆక్టెట్ (ఎనిమిది మంది వాయించేది). కొత్త చెవికి కష్టమైన బార్టోక్‌నూ, బీతోవెన్ చివరి క్వార్టెట్లనూ వచ్చే ఏడాదికి ఉంచండి.

మీ రాష్ట్రంలోనే 1951లో మొదలైన మార్ల్‌బరో ఫెస్టివల్‌లో మాత్రం ఈ ఎంపిక కుదరదు. ఏ బృందం సిద్ధమైందో చూసి, వారం ముందు మాత్రమే కార్యక్రమం ప్రకటిస్తారు. అక్కడ రచనను బట్టి కాదు, తారీఖును బట్టే కొనాలి.

లాన్ టికెట్ చవక అని ఆశపడకండి. ఇది గదిలో వాయించడానికి పుట్టిన సంగీతం. గడ్డి మీద కూర్చుంటే వయోలా సగం గాలికే పోతుంది. లోపల, ముందు వరసలకు కొంచెం వెనక తీసుకోండి. పియానో ఉంటే ఎడమవైపు కూర్చోవాలి, వాయించే చేతులు అటునుంచే కనబడతాయి.

కొత్తవాళ్ళు తడబడేది చప్పట్ల దగ్గర. మన కచేరీలో తని (మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం) అయిపోగానే కొడతాం, మధ్యలో ‘భళా’ అంటాం, తొడ మీద తాళం వేస్తాం. ఇక్కడ ఇవేవీ పనికిరావు. మైకులుండవు కాబట్టి వేలి చప్పుడు కూడా పక్క సీటుకు వినిపిస్తుంది. ప్రోగ్రాం కాగితంలో రచన పేరు కింద ఎన్ని వరసలుంటే అన్ని భాగాలు. చప్పట్లు చివరి భాగం తర్వాతే. లెక్కపెడితే చాలనుకోకండి. బీతోవెన్ ఓపస్ 131 క్వార్టెట్‌లో ఏడు భాగాలు ఆగకుండా సాగిపోతాయి, ఎక్కడ ఏది మొదలైందో తెలియదు. హైడన్ ‘జోక్’ క్వార్టెట్ అయితే ముగిసినట్టే ఆగి మళ్ళీ మొదలవుతుంది, తొందరపడే జనాన్ని పట్టుకోవడానికే రాసినట్టుంటుంది. అందుకని బౌలు (తీగల మీద లాగే కమానులు) చూడండి. అవి గాలిలో ఉన్నంతసేపూ చేతులు కదపొద్దు, దించాక కొట్టండి. రెండు భాగాల మధ్య తీగలు సరిచేసుకుంటే అది తేమవల్ల, ముగింపు కాదు.

తిరుమలలో నాదనీరాజనం వేదిక ముందు జనం వస్తూ పోతూ ఉంటారు. ఇక్కడ తలుపు మూశాక మొదటి రచన అయ్యేదాకా లోపలికి రానివ్వకపోవచ్చు. అరగంట ముందే చేరండి. మొత్తం దాదాపు రెండు గంటలు, మధ్యలో పావుగంట విరామం. దగ్గు మాత్రల కాగితం ముందే విప్పి పెట్టుకోవాలి. పులిహోర, పెరుగన్నం బయట చెట్ల కింద తినొచ్చు, హాల్లోకి తేవద్దు. పాత కొట్టాల్లాంటి హాళ్ళలో ఏసీ ఉండకపోవచ్చు, కానీ రాత్రికి చలి దిగుతుంది. అత్తగారికి శాలువా, మామగారికి స్వెట్టర్ కార్లో ఉంచండి. పొడుగు గడ్డిలో నడిస్తే ఇంటికొచ్చాక కాళ్ళకు టిక్ పురుగులు పట్టాయేమో చూసుకోండి, లైమ్ వ్యాధి వాటివల్లే వస్తుంది. మ్యాప్ ముందే ఫోన్లో దించుకోండి. కొండ దారుల్లో సిగ్నల్ పోతుంది, రాత్రి క్యాబులు దొరకవు, జింకలు అడ్డొస్తాయి.

ఇక వాలంటీర్ సంగతి. లాభాపేక్ష లేని సంస్థకు, మామూలుగా వాలంటీర్లే చేసే పనిని ఏ ప్రతిఫలమూ తీసుకోకుండా హెచ్-4 వాళ్ళు చేయొచ్చు. సీట్లు చూపించడం, కాగితాలు పంచడం, పార్కింగ్ లాంటివి. చిక్కంతా మన సాఫ్ట్‌వేర్ చదువుతో వస్తుంది. ‘టికెట్ల వెబ్‌సైట్ కొంచెం చూస్తారా’ అని అడుగుతారు. జీతమిచ్చి చేయించే పని అయితే, ఉచితంగా చేసినా అది ఉద్యోగం కింద లెక్కకు రావచ్చు, వద్దనండి. స్టైపెండ్, గిఫ్ట్ కార్డు కూడా తీసుకోవద్దు. అనుమానముంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి. విజిటర్ వీసా మీద వచ్చిన అత్తమామల్ని ఈ పనుల్లోకి దించకండి.

చిన్న ఊళ్ళ ఫెస్టివళ్ళలో కళాకారులకు ఊరివాళ్ళే ఇళ్ళల్లో గది ఇస్తుంటారు. ఇంట్లో గది ఖాళీగా ఉంటే మీరూ ఒప్పుకోవచ్చు, ఊరివాళ్ళతో పరిచయాలు పెరగడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు. అత్తమామలుండే వారాలు మాత్రం తప్పించండి. మీరు శాకాహారులైతే ఆ మాటా, పిల్లి ఉంటే ఆ మాటా ఒప్పుకునే ముందే చెప్పాలి. భోజనం పెట్టే బాధ్యత మీదా, ఫెస్టివల్‌దా తేల్చుకుని, ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేయండి. తలుపు మూసుకుని సాధన చేసుకునే చోటు కావాలి, ఏ వేళల్లో చేసుకోవచ్చో మొదటి రోజే మాట్లాడుకోండి. వాయిద్యాన్ని ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలైనా వదలొద్దు. వేడికి వార్నిష్ మెత్తబడుతుంది, అతుకులు విడిపోతాయి.