లోగో పోటీలను నమ్ముకుని ఉద్యోగం మానేయవచ్చా?

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైనర్‌ని. జీతం 24 వేలు. రాత్రిళ్లు ఆన్‌లైన్ లోగో పోటీలకు డిజైన్లు పంపుతుంటాను. ఆరు నెలల్లో 40 పంపితే మూడు గెలిచాయి: రెండో నెలలో ఒకటి, ఐదో నెలలో రెండు. ఫీజులు పోగా 54 వేలు చేతికొచ్చాయి. ఒక్కోదానికి 12 గంటలు పడుతుంది. గెలిచిన వాటిలో ఒక కాఫీ పొడి కంపెనీ ప్యాకెట్ కవరు కూడా చేస్తారా అని అడిగింది, కొత్త పోటీల హడావిడిలో జవాబివ్వలేదు. ఉద్యోగం మానేయవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండి. నెలకు సగటున తొమ్మిది వేలు వచ్చినట్లే కనిపిస్తుంది కానీ, నాలుగు నెలలు మీకు వచ్చింది సున్నా. ఇంటి యజమాని సగటు చూసి అద్దె తీసుకోడు కదా.

గంటల లెక్కా చూద్దాం. 480 గంటలకు 54 వేలంటే గంటకు 112 రూపాయలు. ప్రెస్‌లో నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు అనుకుంటే 115 పడుతోంది. దాదాపు సమానమే. అయితే యజమానికి నచ్చని డిజైన్‌కూ ప్రెస్‌లో జీతం ఆగదు. పోటీలో ఓడిన 37 లోగోల కరెంటు, నెట్ ఖర్చు కూడా మీదే.

పోటీ పద్ధతే అంత. రూపాయి గుర్తు కోసం కేంద్రం పెట్టిన పోటీకి మూడు వేలకు పైగా డిజైన్లు వచ్చాయి. 2010లో ఉదయకుమార్ గీసినది ఎంపికై, ఆయనకు రెండున్నర లక్షలు దక్కాయి. తుది జాబితాకు చేరనివారి శ్రమకు పైసా రాలేదు.

అలాగని పోటీలు పూర్తిగా మానమనను. ఊరు దాటని డిజైనర్‌కు విదేశీ క్లయింటు పరిచయమయ్యే దారి ఇది. నెలకు మూడే ఎంచుకోండి, అవీ బహుమతి తప్పక ఇస్తామని ముందే ప్రకటించినవి. ఓడిన డిజైన్ హక్కులు ఎవరివో నిబంధనల్లో చూసుకోండి. మీవే అయితే పోర్ట్‌ఫోలియోలో, అంటే కొత్తవారికి చూపించే మీ పనుల నమూనాల్లో పెట్టుకోవచ్చు.

ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో చేరాక, నేరుగా వచ్చిన పనుల మీదే వరుసగా మూడు నెలలు 24 వేలు దాటితే అప్పుడు మళ్లీ రాయండి. పన్ను పడకపోయినా ఈ ఆదాయాన్ని రిటర్నులో చూపండి, రేపు ఇంటి రుణానికి వెళితే బ్యాంకు అడిగేది అదే.

నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనది ఆ కాఫీ పొడి కంపెనీ. బయటి లావాదేవీలను ఆ పోటీ పెట్టిన సైటు ఒప్పుకోకపోతే సైటు ద్వారానే చేయండి. ఈ రాత్రికి పోటీ పక్కన పెట్టి, ఆలస్యానికి క్షమాపణ చెప్పి, వారికి కవరు రేటు పంపండి.