ఇస్టర్‌బాండ్ చేయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

క్రిస్మస్‌కు నువ్వే స్వయంగా ఇస్టర్‌బాండ్ సాసేజ్ చేసి అత్తవారింట వడ్డిస్తావని మీ నాన్న చెప్పగానే ఎంతో గర్వపడ్డాను. కానీ ఉప్పు మాత్రం చేతి అంచనాతో వేస్తానన్నావని విన్నప్పటినుంచి నాకు స్థిమితం లేదు.

స్వీడన్‌లోని స్మోలాండ్ ప్రాంతపు రైతులు శరదృతువులో పందిని కోసినప్పుడు, ఉన్న మాంసానికి బార్లీ నూక, బంగాళాదుంప జోడించి, పులియబెట్టి, పొగబెట్టి దాచుకున్న సాసేజ్ అది. ఫాలుకోర్వ్ అనే మరో స్వీడిష్ సాసేజ్ పేరుకు 2001 నుంచి యూరోపియన్ యూనియన్ రక్షణ ఉంది గాని, ఇస్టర్‌బాండ్ రుచి ఇంటింటికీ మారుతుంది. కాబట్టి మీ అత్తగారి పాళ్లనే పాటించు.

మాంసం కూరే పేగులను గోరువెచ్చని నీటిలో నానబెట్టి లోపలా బయటా కడుగు. ఉడికించిన నూక పూర్తిగా చల్లారాకే మాంసంలో కలుపు, లేకుంటే కొవ్వు కరుగుతుంది.

స్మోలాండ్‌లోని వెక్షో పట్టణంలో మా పక్కింటి పెద్దాయన ఒక ఏడాది, పిల్లల ఆరోగ్యం కోసమని మాంసంలో విషక్రిములు పెరగకుండా వేసే నైట్రైట్ ఉప్పును సగానికి తగ్గించి, పులుపు త్వరగా ఎక్కాలని సాసేజ్‌లను పొయ్యి పక్కన వేలాడదీశాడు. రెండు రాత్రులు గడిచేసరికి పేగులు ఉబ్బి, ముడుల దగ్గర చిట్లి, బూడిదరంగు జిగట నేల మీదికి కారింది. పండుగకు దాచిన మాంసమంతా పారబోశారు. నిజానికి అవి చెడిపోయినట్టు పైకి కనిపించడం ఆ కుటుంబం అదృష్టం. గాలి చొరని సాసేజ్ నడుమ పెరిగే బొట్యులినమ్ సూక్ష్మజీవి విడిచే విషాన్ని రంగును బట్టి గాని, వాసనను బట్టి గాని పసిగట్టలేము. 1820ల ప్రాంతంలో జర్మనీలోని వ్యుర్టెంబర్గ్‌లో యుస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు, సాసేజ్ తిని కండరాలు చచ్చుబడినవారిని పరీక్షించి ఈ విషం గురించి వివరంగా రాశాడు. ఆవకాయలో ఉప్పు తగ్గితే బూజు పట్టి మనల్ని హెచ్చరిస్తుంది. ఇక్కడ ఆ హెచ్చరిక కూడా రాకపోవచ్చు.

కోప్పడుతున్నానని నొచ్చుకోకు తల్లీ. మీ నానమ్మ చేతిరుచి నీకు వచ్చిందని నేనే అందరితో చెబుతుంటాను. అయితే కూరలో ఉప్పు కంటితో చూసి వేసే ఆవిడ కూడా ఆవకాయ దగ్గరికి వచ్చేసరికి సోలతో కొలవకుండా చిటికెడు వేసేది కాదు. నువ్వూ మాంసం, నూక, దుంప అన్నీ కలిపి తూచి, నైట్రైట్ ఉప్పును పొట్లం మీద రాసిన కొలత ప్రకారం గ్రాముల్లో వెయ్యి. తగ్గించినా ప్రమాదమే, పెంచినా ప్రమాదమే. పులియడానికి ఎంత వెచ్చదనం కావాలో, ఎన్నాళ్లు ఉంచాలో మీ అత్తగారిని దగ్గర కూర్చోబెట్టుకుని అడుగు. తినేముందు లోపలిదాకా వేగనివ్వు. సోయికూర వేసిన పాల బంగాళాదుంప, బీట్‌రూట్ ఊరగాయ పక్కన ఉండాలి సుమా.

మొదటిసారి కొద్దిగానే చెయ్యి. కలిపేముందు నీ తూకాల పట్టీ నాకు పంపు, చూసి వెంటనే ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న