మిషన్ సంగతి తర్వాత, ముందు నీళ్ళ సంగతి చెప్పు

ప్రశ్న: అన్నా నమస్తే, మాది తిరుపతి కొర్లగుంట. మూడేళ్ళుగా సోఫాలు, కారు సీట్లు క్లీన్ చేస్తా ఉన్నా, ఇప్పుడు లాడ్జీల్లో కార్పెట్ల పని కూడా పట్టుకుందామని చూస్తున్నా. హీటర్ ఉన్న ఎక్స్‌ట్రాక్షన్ మిషన్ (నీళ్ళు కొట్టి, మురికితో పాటు వెనక్కి లాగేది) తీసుకోవాలా, లేనిది చాలా? యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు వ్యాన్‌లోనే మిషన్ ఫిట్ చేసుకుని పైపు లోపలికి లాగి కడుగుతా ఉంటారు, అట్లా మనం టాటా ఏస్‌లో పెట్టుకుంటే ఎట్లుంటుంది? నీళ్ళు కస్టమర్ కాడే పట్టుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, నువ్వు చివర్లో అడిగినావే నీళ్ళ మాట, అదే ముందు అడగాల్సింది. నేను ఈ పనిలో ఉన్నప్పుడు నాకూ తెలీక ఒక దెబ్బ తిన్నా, అది చెప్తా విను. స్టేషన్ దగ్గర ఒక లాడ్జీలో నాలుగు రూములు కడిగినాం, వాళ్ళ బాత్రూమ్ కొళాయి నీళ్ళే పట్టుకుని, సాయంత్రానికి చూస్తే కార్పెట్ కొత్తదాని మాదిరి ఉంది, డబ్బులు తీసుకుని వచ్చేసినాం. పొద్దున్నే మేనేజర్ ఫోను. పోయి చూస్తే గోధుమ రంగు కార్పెట్ మీద ముగ్గు పిండి చల్లినట్టు తెల్లటి చారలు, చేత్తో తడిమితే అప్పడం మాదిరి గరగర. మిద్దె మీద ట్యాంకులో ఉండేది బోరు నీళ్ళు. తడి ఆరేకొద్దీ నీళ్ళు పోగుల కొనలకి ఎక్కి ఆరిపోతాయి, వాటిలోని ఉప్పు, సున్నం మాత్రం అక్కడే ఉండిపోతాయి, వాటితో పాటు సరిగ్గా కడగని షాంపూ కూడా. మళ్ళీ మంచినీళ్ళు తెప్పించి, బకెట్‌కి కాస్త వెనిగర్ కలిపి నాలుగు రూములూ ఉచితంగా కడిగిచ్చినాం. ఆ రోజు నుంచి ఎవరు పని చెప్పినా నా మొదటి ప్రశ్న "మీది బోరా, కార్పొరేషన్ నీళ్ళా" అనే.

తిరుపతిలో ఈ తేడా చాలా ఉంటుంది. కళ్యాణి డ్యామ్ నీళ్ళు, తెలుగు గంగ నీళ్ళు వచ్చే కొళాయి ఒక రకం, అదే వీధిలో బోరు ఇంకో రకం, చాలా లాడ్జీలు రెండూ ఒకే ట్యాంకులో కలిపేస్తాయి కాబట్టి ఇవాళ ఉన్నట్టు రేపు ఉండవు. చూసుకోవడం కష్టం కాదు. అర లీటరు బాటిల్‌లో సగం నీళ్ళు పట్టి, బట్టల సబ్బు చిన్న తురుము వేసి బాగా ఊపు (సర్ఫ్ వద్దు, సబ్బే కావాలి). నురగ దండిగా నిలబడితే మంచినీళ్ళు, నురగ లేకుండా పెరుగు విరిగినట్టు తెల్లటి తునకలు తేలితే కఠినజలం, కార్పెట్‌కి పనికిరాదు. తాగే నీళ్ళకి మన బీఐఎస్ ప్రమాణం ప్రకారం కఠినత లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది, కానీ 600 ఉన్న నీళ్ళతో మాత్రం నువ్వు కార్పెట్ జోలికి పోవద్దు.

ఇక్కడే ఇంకో తిరకాసు. చాలామంది టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన మొత్తం లవణాలు చూపించేది) జేబులో పెట్టుకుని తిరుగుతారు, సాఫ్ట్‌నర్ బిగించినాక కూడా అంకె తగ్గలేదని అమ్మినోడితో గొడవ పడతారు. సాఫ్ట్‌నర్ పని కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి బదులు సోడియం ఇవ్వడం, అంతే, మొత్తం లవణాలు ఇంచుమించు అట్లనే ఉంటాయి కాబట్టి మీటర్ అంకె మారదు. గార పట్టదు, షాంపూ తక్కువ పడుతుంది, అది నిజం, కానీ ఉప్పు ఎక్కువుండే బోరైతే ఆరినాక ఆ ఉప్పు కార్పెట్‌లోనే ఉంటుంది. ఆర్వో అయితే కఠినత, ఉప్పు రెండూ తగ్గిస్తుంది, కాకపోతే ఇంట్లో పెట్టుకునే ఆర్వో గంటకి 15 లీటర్లు ఇస్తే గొప్ప, దాన్ని నమ్ముకుని పనికి పోలేం. నేను చేసింది ఏమంటే, 12 బై 12 రూముకి 25, 30 లీటర్లు పట్టేది నాకు, అంటే వాటర్ ప్లాంట్ కాడ 20 లీటర్ల క్యాన్లు రెండు. చిన్న పని అయితే క్యాన్లే తీసుకుపో, షాంపూ కలిపేదానికీ చివరి కడుగుకీ ఆ నీళ్ళే వాడు. ఇరవై రూముల లాడ్జీ అయితే 40 క్యాన్లు లిఫ్ట్‌లో ఎక్కించేసరికి నడుములు పోతాయి, అప్పుడు సాఫ్ట్‌నర్ గురించి ఆలోచించు, దాన్ని రీఛార్జ్ చేసేది మామూలు ఉప్పుతోనే కాబట్టి నడిపే ఖర్చు పెద్దగా ఉండదు.

ఇప్పుడు మిషన్. నీళ్ళు కొట్టేది ఏ మిషనైనా కొడుతుంది, కొట్టిన నీళ్ళని వెనక్కి లాగేదే మిషన్. కాబట్టి ప్రెషర్ 500 పీఎస్ఐ అని గొప్పగా చెప్తే బోల్తా పడొద్దు, కార్పెట్‌కి 200, 300 చాలు, ఎక్కువైతే అడుగు దాకా తడిసి ఆరనే ఆరదు. వ్యాక్యూమ్ మోటార్లు ఎన్ని, ఎన్ని స్టేజీలవి (అంటే లోపల గాలి లాగే ఫ్యాన్లు ఎన్ని వరసలు) అని అడుగు. హీటర్ ఉన్నది మొదట్లోనే వద్దు అంటా నేను. బోరు నీళ్ళు కాగితే గార పడుతుంది, నా మొదటి హీటర్ కాయిల్ విప్పి స్పానర్‌తో తడితే కోడిగుడ్డు పెంకు మాదిరి పెళ్ళలు రాలినాయి, నిమ్మ ఉప్పు నీళ్ళు పోసి ఎన్నిసార్లు కడిగినా చివరికి కాలిపోయింది. లాడ్జీల్లో పొద్దున పూట వేడినీళ్ళు ఎట్లాగూ ఉంటాయి, నీళ్ళు మంచివైతే అవే పట్టుకో, గార వాళ్ళ గీజర్‌లో పడితే పడనీ. కానీ మిషన్ పుస్తకంలో పంపు ఎంత వేడి దాకా తట్టుకుంటుందని ఉందో చూసుకున్నాకే పోసుకో.

కరెంటు లెక్క కూడా ఉంది. 16 ఆంప్స్ సాకెట్‌కి 230 వోల్టుల మీద 3,680 వాట్లు దాటకూడదు. 2,000 వాట్ల హీటరు, 1,100 చొప్పున రెండు మోటార్లు అంటే అప్పుడే 4,200. అందుకే పెద్ద మిషన్లకి రెండు కరెంటు వైర్లు ఉంటాయి, రెండూ ఒకే రూములో గుచ్చితే ట్రిప్ అవుతుంది, ఒకటి కారిడార్‌లో వేరే లైన్ మీద గుచ్చాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు బజారులో దొరికే సన్న వైరుది కాదు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో చేయించుకో. తడిలో నిలబడి చేసే పని, 30 మిల్లీఆంప్స్‌కి పడిపోయే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) నీ బాక్సులోనే పెట్టించు, లాడ్జీ వాళ్ళ బోర్డుని నమ్మొద్దు.

టాటా ఏస్ ఆలోచన మానుకో. అమెరికా వ్యాన్లలో బండి ఇంజనో, వేరే ఇంజనో మిషన్‌ని తిప్పుతుంది, ఆ వేడికే నీళ్ళూ కాగుతాయి, వాళ్ళ ఇళ్ళ ముందు బండి పెట్టే చోటూ ఉంటుంది. మన గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో బండి ఎక్కడ ఆపుతావు, నాలుగో అంతస్తుకి పైపు ఎట్లా లాగుతావు? పైపు పొడుగయ్యేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. ఇంక 500 లీటర్ల ట్యాంకు అంటే 500 కిలోలు, అది సగం నిండి ఉంటే మలుపులో నీళ్ళన్నీ ఒక పక్కకి కొట్టుకుని బండి ఊగుతుంది. లిఫ్ట్‌లో పట్టే పోర్టబుల్ కొనుక్కో.

ప్రశ్న: సార్, మాది చిత్తూరు, షామియానా సప్లయర్స్. పెళ్ళిళ్ళకి పరిచే ఎర్ర కార్పెట్లు బురద, సాంబారు మరకలతో తిరిగొస్తాయి. ఎక్స్‌ట్రాక్షన్ మిషన్ కొంటే లాభమా?

జవాబు: నష్టం. అవి నాన్‌వోవెన్ (నేయకుండా పీచు అదిమి చేసిన) గుడ్డలు, వాటికి అంత ఖర్చు వేస్ట్. మిద్దె మీదో సిమెంట్ గచ్చు మీదో పరిచి, ముందు బురద బాగా ఎండనిచ్చి దులపండి (తడి బురద మీద నీళ్ళు కొడితే ఇంకా లోపలికి పోతుంది), తర్వాత ప్రెషర్ వాషర్‌తో ఫ్యాన్ నాజిల్ పెట్టి అడుగు దూరం నుంచి కొట్టండి. దగ్గర్నుంచి కొడితే పీచు లేస్తుంది. బోరు నీళ్ళయినా పర్వాలేదు, ఇక్కడ మాత్రం. నిలువుగా వేలాడేసి ఆరబెట్టండి, చుట్టిపెట్టినప్పుడు లోపల కాస్త తడి ఉన్నా కార్తీక మాసం పెళ్ళిళ్ళకి విప్పేసరికి ముక్కిపోయిన వాసన కొడుతుంది, వాన కాలంలో అయితే మరీ.

ప్రశ్న: అన్నా, మాది తిరుచానూరు. దేవుడి గది ముందు ఉన్ని కార్పెట్ మీద పసుపు నీళ్ళు ఒలికితే సర్ఫ్ వేసి రుద్దినా, ఎర్రగా అయిపోయింది. బ్లీచింగ్ వేయమంటున్నారు, వేయొచ్చా?

జవాబు: అమ్మా, బ్లీచింగ్ అస్సలు వద్దు, క్లోరిన్ తగిలితే ఉన్ని కరిగిపోతుంది, మరకతో పాటు కార్పెట్ కూడా పోతుంది. ఎర్రగా ఎందుకయిందంటే పసుపుకి సున్నం తగిలితే పారాణి అయ్యేదీ ఇదే, సర్ఫ్‌లో ఉండే క్షారం కూడా అదే పని చేసింది. చల్లటి నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి తెల్ల గుడ్డతో అద్దండి, రుద్దొద్దు, ఎరుపు పోయి మళ్ళీ పసుపు రంగు అవుతుంది. తర్వాత ఉత్త నీళ్ళతో అద్ది, పొడి గుడ్డతో పీల్చి, ఆ భాగం వరకే ఎండ తగిలేట్టు పెట్టండి. పసుపు ఎండకి నిలవదు, రెండు మూడు రోజుల్లో మరక పలచబడుతుంది. మొత్తం కార్పెట్‌ని మాత్రం రోజంతా ఎండలో వదిలేయకండి, దాని రంగు కూడా వెలిసిపోతుంది.