నీళ్లు మోకాళ్ల దాకా దిగనీ

కర్నూలు,
శుక్రవారం రాత్రి

అమ్మణ్ణీ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి మనసంతా నీ కొడుకు మీదే ఉంది. దసరా సెలవుల్లో బెంగళూరు వండర్‌లా ఆటల పార్కుకు పోతున్నామని, వాని క్లాసు పిల్లలు కూడా వస్తున్నారని, వీడేమో జెయింట్ వీల్ మాటెత్తితేనే లేచి ఇంకో గదిలోకి పోతున్నాడని చెప్పినావు. అల్లుడు "ఒక్కసారి పట్టుకోని కూచోబెడితే భయం అదే పోతుంది" అంటున్నాడన్నావు. ఆ మాట కోసమే ఈ ఉత్తరం రాస్తున్నా. ఫోన్లో చెప్పొచ్చు గానీ పక్కన వాడు వింటుంటాడు.

పట్టుకోని కూచోబెట్టొద్దు. నేను ఆ పని చేసినదాన్ని.

మీ అన్నకు అప్పుడు ఏడేండ్లు. ఒక తిరునాళ్లలో "రెండు చుట్లే నాయనా, నేను పక్కనే ఉంటా కదా" అని నచ్చజెప్పి రాట్నం ఎక్కించినా. కింద జనాన్ని ఎక్కించుకోడానికి చక్రం ఆపినారు. ఆగేసరికి మా తొట్టి సరిగ్గా పైన ఉంది, గాలికి ఊగుతాంది. వాడు అరవలేదు, ఏడవలేదు. నా కొంగు పిడికిట్లో పట్టుకోని, కండ్లు తెరుచుకోనే ఏమీ చూడకుండా కూచున్నాడు. దిగినాక ఆ పిడికిలి విప్పడానికి ఒక్కో వేలూ నేనే ఎత్తాల్సి వచ్చింది. ఆ తర్వాత మూడేండ్లు వాడు మిద్దె ఎక్కలేదు. అది కూడా నేను ఓర్చుకున్నా. కానీ సూది మందుకు పిల్చినా, పెండ్లికి పిల్చినా "నిజంగానేనా అమ్మా? అబద్ధం కాదు కదా?" అని అడిగేవాడు చూడు, అది ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నా.

కాబట్టి మొదట వానికి ఒక మాట ఇయ్యి. "నువ్వు వద్దంటే అక్కడికక్కడే ఆగిపోతాం. చక్రం కదిలినాక మాత్రం మధ్యలో దిగడానికి కుదరదు, అందుకే కదలకముందే ఎన్నిసార్లయినా అడుగుతా" అని ఉన్నదున్నట్టు చెప్పు. దిగే దారి తన చేతిలో ఉందని తెలిసిన పిల్లోడే ఎక్కే సంగతి ఆలోచిస్తాడు. ఇచ్చిన మాట ఒక్కసారి తప్పినావంటే మళ్లీ మొదటికే వస్తావు.

ఇంక మూడు వారాలుంది. పార్కు దాకా ఆగొద్దు, మీ ఇంటి మెట్ల నుంచే మొదలుపెట్టు.

వానితో "భయమేస్తుందా?" అని అడిగితే అవుననో కాదనో అంటాడు, అంతే. దాంతో నీకేమీ తెలియదు. నేను మీ అన్నకు తుంగభద్ర లెక్క నేర్పినా. ఏట్లో దిగినప్పుడు నీళ్లు ఎంత దాకా వచ్చినాయని అడుగుతాం కదా, అట్లా "భయం ఎంత దాకా ఉంది నాయనా? పాదాల దాకానా, మోకాళ్ల దాకానా, నడుము దాకానా, గొంతు దాకానా?" అని అడిగేదాన్ని. పిల్లలు చానా కచ్చితంగా చెప్తారు. "ఇందాక నడుము దాకా ఉండె, ఇప్పుడు మోకాళ్లకు దిగింది" అని వాడే చెప్తాడు చూడు.

మొదటి రోజు మిద్దె మెట్లలో సగం దాకా పోండి. అక్కడే కూచోని బొరుగులు తినండి. రెండో రోజో మూడో రోజో మిద్దె మీద నడిమధ్యలో చాప పరువు, పిట్టగోడకు దూరంగా. రోజూ ఒక అడుగు ముందుకు జరపాలి, ఆ జరిపేది వాడే. నువ్వు జరపొద్దు. నడుము పట్టుకోని గోడ మీద నుంచి కిందికి చూపించడం అసలే వద్దు. వాడు ఎక్కిన ప్రతిసారీ పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండాల్సిందే, ధైర్యం వచ్చింది కదా అని ఒక్కణ్ణే పంపొద్దు.

ఇక్కడే అందరూ ఒక తప్పు చేస్తారు. బిడ్డ వణికితే చాలు, చంకనేసుకోని కిందికి పరిగెత్తుతారు. భయం గొంతు దాకా ఉన్నప్పుడు పారిపోయి వస్తే, పారిపోయినందుకే బతికినా అని ఒళ్లు నేర్చుకుంటుంది. మరుసటి రోజు ఇంకా కింది మెట్టు దగ్గరే భయం మొదలవుతుంది. దిగుతానంటే దిగనీ, మాట ఇచ్చినావు కదా. కానీ కింద దాకా వద్దు. రెండు మెట్లు దిగి అక్కడ కూచోండి. వేడి సంగటి ముద్ద ఊదినట్లు నోటితో నిదానంగా, పొడుగ్గా ఊపిరి ఊదమను. కాళ్లు నేలకు గట్టిగా ఆనించమను. బడి సంగతులు మాట్లాడు. కాసేపటికి నీళ్లు వాటంతట అవే దిగుతాయి. మోకాళ్ల దాకా దిగినాక ఇంటికి పోదామను. ఆ దిగడం వాడు కండ్లారా చూడాలి, దాని కోసమే ఇదంతా.

నీ మొహం సంగతి కూడా చెప్పాలి. 1985లో అమెరికాలో ఏడాది వయసు పిల్లలతో ఒక ప్రయోగం చేసినారు. గట్టి గాజు బల్ల మీద బిడ్డ పాకుతూ వస్తుంటే, ఒకచోట గాజు కింద దాదాపు అడుగు లోతు గుంట ఉన్నట్లు కనబడుతుంది. బిడ్డ అంచు దగ్గర ఆగి అవతల ఉన్న అమ్మ మొహం చూస్తుంది. అమ్మ సంతోషంగా ఉంటే 19 మందిలో 14 మంది దాటినారు. అమ్మ భయపడినట్లు మొహం పెడితే వేరే 17 మందిలో ఒక్కరు కూడా దాటలేదు. మనవాడికి ఎనిమిదేండ్లు వచ్చినా చూసేది నీ మొహమే. నీకే గుండె దడగా ఉంటే ఆ రోజు అల్లుణ్ణి పక్కన కూచోమను.

మీ అత్తమ్మకు కూడా మెల్లిగా చెప్పు. వాడు గడప మీద నిలబడినా "పడతావ్ రా, పడతావ్ రా" అంటుంది ఆమె. ప్రేమతోనే అంటుంది, నేనూ అన్నదాన్నే. "పడతావ్" బదులు "కమ్మీ పట్టుకో", "కాలు ఇక్కడ పెట్టు" అంటే సరిపోతుంది, ఏం చెయ్యాలో బిడ్డకు తెలుస్తుంది. "మగపిల్లోడివి, సిగ్గు లేదా" అనే మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానియ్యొద్దు. పక్కింటి పాప ఎక్కింది చూడు అని కూడా అనొద్దు. ఎక్కితే ఫోన్ కొనిస్తామని ఆశ పెట్టొద్దు, ఎక్కలేకపోతే భయంతో పాటు ఫోన్ పోయిందనే ఏడుపు కూడా చేరుతుంది.

ఇంక పార్కు రోజు. మీ అనంతపురం నుంచి బెంగళూరే 200 కిలోమీటర్లకు పైన. ఊరు దాటి మైసూరు రోడ్డులో బిడది దాకా పోవాలి. తెల్లారుజామున లేపి, కార్లో కుదేసి, నేరుగా రైడు దగ్గర నిలబెట్టొద్దు. ముందు రోజే పోయి నిద్రపోండి. పొద్దున కడుపు నిండా ఉగ్గాని బజ్జీ పెట్టొద్దు, ఖాళీ కడుపుతోనూ తీసుకుపోవద్దు. గేటు తీసేసరికి అక్కడుంటే వరసలు చిన్నగా ఉంటాయి. పొడుగు వరసలో నిలబడేకొద్దీ భయం పెరుగుతుంది. ఏ రైడుకు ఎంత ఎత్తు పిల్లల్ని ఎక్కిస్తారో అక్కడ బోర్డు ఉంటుంది, ముందే చూసుకో. మనసు గట్టి చేసుకోని వచ్చిన పిల్లోణ్ణి ఎత్తు చాలలేదని వెనక్కి పంపితే పాపం.

మొదట నేలకు దగ్గరగా తిరిగేవి ఎక్కించు. జెయింట్ వీల్ దగ్గరికి పోయినాక వెంటనే వరసలో నిలబడొద్దు. బయట నిలబడి మూడు చుట్లు చూడండి. వాని చేతికి గడియారం ఇచ్చి ఎంతసేపు తిరుగుతుందో లెక్కపెట్టమను. దిగేవాళ్ల మొహాలు చూడమను. "ఏమీ కాదు" అనే మాట వద్దు. ఏమవుతుందో చెప్పు: "జనాన్ని ఎక్కించుకోడానికి మధ్యలో ఆగుతుంది, పాడైపోయి కాదు. అప్పుడు రవ్వంత ఊగుతుంది. పైనుంచి దిగేటప్పుడు కడుపులో ఖాళీ అయినట్లుంటుంది, కిందికి వస్తే పోతుంది." నేను మీ అన్నకు ఆ ఆగడం గురించి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పిడికిలి అంత బిగుసుకునేది కాదేమో. పైన ఉన్నప్పుడు నేరుగా కిందికి కాకుండా ముందున్న కమ్మీనో, దూరంగా కనబడే చెట్లనో చూడమను.

వరసలో సగం దాకా వచ్చి వద్దంటే, పక్కకు వచ్చేయండి. టికెట్ డబ్బుల మాటెత్తొద్దు. "ఇంత దాకా వచ్చినావు, భయం ఎంత దాకా ఉండె?" అని అడుగు. కాసేపాగి వాడే మళ్లీ పోదామంటే పోండి, లేకపోతే నీళ్లల్లో ఆడుకోనీ. ఏడ్చేటప్పుడు వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టకూడదని అల్లునికి గట్టిగా చెప్పు.

వాడు బడిలో పై అంతస్తు క్లాసుకు కూడా పోనంటున్నా, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా ఇది మన చేతిలో పని కాదు, మనసు డాక్టరుకు చూపించాలి. మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ పడవు. చదునైన నేల మీద కూడా తల తిరుగుతుందంటే చెవి డాక్టరు దగ్గరికి తీసుకపో.

వచ్చే ఆదివారం వాణ్ణి ఇక్కడికి తీసుకరా. పొద్దున మా మిద్దె, ఎండ తగ్గినాక కొండారెడ్డి బురుజు. చెప్పులు కాకుండా బూట్లు తొడుగు. వాని భయం మోకాళ్ల దాకానే ఉంటే బురుజు మెట్లు ఎక్కుదాం. నడుము దాకా ఉంటే కిందనే బెంచీ మీద కూచోని, ఎక్కేవాళ్లను చూసుకుంటా బొరుగులు తిని వద్దాం.

మీ పెద్దమ్మ