టెక్ సందేహాలు: విలేకరి కావాలంటే కెమెరా కొనాలా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. డిజిటల్ వార్తాసంస్థలో విలేకరిగా చేరాలని కోరిక. నాన్నగారు 60 వేల రూపాయలు ఇస్తామన్నారు. మంచి కెమెరా కొనమంటారా, ల్యాప్‌టాప్ కొనమంటారా? తెలుగు టైపింగ్ ఫోన్‌లో తప్ప రాదు.

జవాబు: కెమెరా వద్దు. మీ దగ్గరున్నది మధ్యరకం ఫోన్ అయినా వార్తలకు సరిపోయే వీడియో తీస్తుంది. చాలామంది తప్పేది ధ్వని దగ్గర. రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుతున్న రైతు గొంతు లారీల హారన్లలో కలిసిపోతే ఆ ఇంటర్వ్యూ ఎందుకూ పనికిరాదు. చొక్కా కాలరుకు తగిలించుకునే మైకు, చిన్న ట్రైపాడ్, పవర్ బ్యాంక్ తీసుకోండి. మిగిలిన డబ్బుతో ఒక మామూలు ల్యాప్‌టాప్ వస్తుంది. అది చాలు.

అసలు శ్రద్ధ పెట్టవలసింది మీరు చివర్లో రాసిన టైపింగ్ మీద. తెలుగు పత్రికల డెస్కుల్లో, అంటే వార్తలు దిద్దే విభాగాల్లో, ఏళ్ల తరబడి ‘అను’ అనే పేరున్న ఫాంట్లు రాజ్యమేలాయి. అవి యూనికోడ్ కావు. యూనికోడ్ అంటే ప్రతి భాష అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ గుర్తించే సొంత సంకేతం ఇచ్చే పద్ధతి. అను ఫాంట్లు అలా కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చినవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు, గుర్తులు కనిపిస్తాయి. సెర్చ్ ఇంజిన్‌కు అందులో ఒక్క తెలుగు మాటా దొరకదు. అలా భద్రపరిచిన వార్తలు ఎన్ని ఉన్నా, పేరు కొట్టి వెతికితే పైకి రావు. ఎందరో విలేకరుల కష్టం అలా మరుగున పడిపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది. మీరు రాసే ప్రతి అక్షరం మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో ఉండాలి.

యూనికోడ్‌లో టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. అది భారతీయ భాషల కోసం రూపొందించిన కీబోర్డు అమరిక. విండోస్‌లో దీనికోసం ఏమీ కొనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగును చేర్చుకుంటే చాలు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు కుడి చేతి వైపు ఉంటాయి. హిందీకి, కన్నడానికి కూడా అమరిక ఇదే కాబట్టి ఒకసారి నేర్చిన వేళ్లు రేపు ఆ భాషల్లోనూ పనిచేస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి మొదట్లో తేలికే. అయినా నా ఓటు ఇన్‌స్క్రిప్ట్‌కే. అను ఫాంట్‌లో వార్త అడిగే డెస్కు తగిలితే మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు చెదురుతాయి, ప్రతి వాక్యమూ చదివి చూడండి.

ప్రశ్న: మా మండలం వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌గా కొత్తగా చేరాను. వరద వీడియోలు వాట్సాప్‌లో కుప్పలుగా వస్తున్నాయి. ఇప్పటివో పాతవో తేల్చేదెలా?

జవాబు: వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో, వీడియోల నుంచి, తీసిన సమయం, చోటు వంటి సమాచారం తొలగిపోతుంది. తీసిన మనిషినే పట్టుకుని, డాక్యుమెంట్ రూపంలో అసలు ఫైలు పంపమనండి. ఆ సమాచారాన్నీ మార్చవచ్చు కనుక దాన్ని ఆధారాల్లో ఒకటిగానే చూడాలి. వీడియోను ఆపి రెండు మూడు చోట్ల స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో చూడండి. పాత వీడియో అయితే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది.

తరవాత మీ కళ్లకు పని చెప్పండి. దుకాణాల బోర్డులు, బస్సు మీద ఊరి పేరు, బండి నంబర్లు చూడండి. తెలంగాణ రిజిస్ట్రేషన్ అక్షరాలు 2024 మార్చిలో టీఎస్ నుంచి టీజీకి మారాయి. టీజీ నంబరు కనిపించే వీడియో అంతకు ముందుది అయ్యే అవకాశం లేదు. అలాగని ఏపీ నంబరు కనిపించగానే ఆంధ్రప్రదేశ్ అనుకోకండి. 2014కు ముందు రిజిస్టరైన బండ్లు హైదరాబాద్‌లోనూ అవే నంబర్లతో తిరుగుతున్నాయి. ఇవన్నీ అయ్యాక ఆ ఊళ్లో తెలిసిన మనిషికి ఫోన్ చేయండి. గట్టు తెగిందో లేదో ఏ యాప్ కన్నా ఆయనకే బాగా తెలుసు. అంతవరకు డెస్కు ఎంత తొందరపెట్టినా పంపవద్దు. తప్పుడు వరద వార్త విని ఇల్లు వదిలి పరుగెత్తేవాళ్లు మీ మండలం వాళ్లే.

ప్రశ్న: ఒక ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసిన ఉత్తర్వు మర్నాటికి మాయమైంది. స్క్రీన్‌షాట్ చాలా?

జవాబు: చాలదు. స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా తయారు చేయగలరని అవతలివారు అంటారు. వెబ్ పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌ను ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ నడుపుతుంది. అందులో ఆ పేజీ చిరునామా ఇచ్చి చూడండి, పాత ప్రతి దొరకవచ్చు. ఇకపై ముఖ్యమైన పేజీ కనిపించగానే అక్కడి సేవ్ పేజ్ నౌ పెట్టెలో చిరునామా అతికించండి. తేదీ, సమయంతో సహా ప్రతి నిలుస్తుంది. లాగిన్ అయితే తప్ప తెరుచుకోని పేజీలకు ఇది పనిచేయదు. పీడీఎఫ్ అయితే దించుకుని, తేదీతో పేరు పెట్టి మీ దగ్గర కూడా ఒకటి ఉంచుకోండి.