సెలవులో పోయిన సర్వీసును డబ్బు కట్టి కొనుక్కోవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో 2015 జులై 1 నుంచి పనిచేస్తున్నాను. 2019 మార్చి చివర్లో మావారికి పక్షవాతం వచ్చింది. ఏప్రిల్ 1 నుంచి 2021 జనవరి నెలాఖరు దాకా, మొత్తం 22 నెలలు, సెలవు పెట్టి ఆయన్ని చూసుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. కంపెనీవాళ్లు నా పేరు తీసెయ్యలేదు. ఫిబ్రవరి 1న మళ్లీ పనిలోకి వెళ్లాను. 2026 సెప్టెంబరు నెలాఖరుకు నాకు 58 నిండుతాయి. ‘22 నెలలు పోను మీ సర్వీసు తొమ్మిదేళ్ల అయిదు నెలలే, పింఛను రాదు’ అని హెచ్‌ఆర్‌లో అంటున్నారు. కెనడాలో ఉన్న మా మేనల్లుడు, అక్కడ సెలవు కాలానికి డబ్బు కట్టి సర్వీసు తిరిగి కొనుక్కుంటారని, నన్నూ అడిగి చూడమని చెప్పాడు. రెండు వైపుల వాటా, వడ్డీతో సహా నేనే కడతాను. కట్టించుకుంటారా? ఇప్పుడు నా బేసిక్, డీఏ కలిపి 14,000. ఇంతకు ముందు 2003 నుంచి 2006 దాకా ఒక గార్మెంట్ యూనిట్‌లో చేశాను, అక్కడి పీఎఫ్ తీసేసుకున్నాను. 2019 నాటి రెండు జీతం చీటీల ఫొటోలు జతచేశాను.
– ఒక పాఠకురాలు, మేడ్చల్

జవాబు: కట్టించుకోరు. అయితే పింఛను రాదన్న హెచ్‌ఆర్ మాట కూడా సరైంది కాదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు. మీరు మొదటిదాని కోసం తిరుగుతూ రెండోదాన్ని వదిలేసేలా ఉన్నారు.

మీ మేనల్లుడు చెప్పింది తప్పేం కాదు. కెనడాలో ప్రభుత్వోద్యోగుల పింఛను పథకాల్లో ఆ వీలుంది, దాన్ని బై బ్యాక్ అంటారు. మీరున్నది 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకంలో, అంటే ఈపీఎస్‌–95లో. ఇందులో సర్వీసు అమ్మకానికి పెట్టలేదు. ‘రెండు వైపుల వాటా కడతాను’ అని మీరు రాయడంలోనే ఒక పొరపాటు ఉంది. చాలామంది అలాగే అనుకుంటారు. మీ జీతంలో కోసే 12 శాతంలో ఒక్క పైసా కూడా పింఛనుకు వెళ్లదు. అదంతా మీ పీఎఫ్ ఖాతాకే పోతుంది. పింఛను నిధికి వెళ్లేది యాజమాన్యం వాటాలోంచి 8.33 శాతం, దానికి తోడు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే 1.16 శాతం, అంతే. ఈ రెండూ నెలనెలా వచ్చే జీతాన్ని బట్టి జమయ్యేవి. జీతం లేని నెలకు ఆ లెక్కే పుట్టదు. సభ్యురాలు తన చేత్తో డబ్బు తెచ్చి కడితే జమ చేసుకోవడానికి ఆ పథకంలో పద్దే లేదు.

ఒకవేళ అమ్మేవాళ్లే అనుకుందాం. 14,000 మీద 8.33 శాతమంటే నెలకు 1,166 రూపాయలు. 22 నెలలకు సుమారు 25,650. ఆ మాత్రం సొమ్ముతో జీవితాంతం వచ్చే పింఛను దొరుకుతుందంటే, మీరే కాదు, నేనూ క్యూలో నిలబడతాను.

ఈమధ్య ‘హయ్యర్ పెన్షన్’ అంటూ పాత బకాయిలు లక్షల్లో కట్టినవాళ్ల గురించి విని ఉంటారు. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత వచ్చిన అవకాశం అది. వాళ్లు పెంచుకున్నది పింఛను లెక్కలోకి వచ్చే జీతాన్ని. సర్వీసుకు ఒక్క రోజు కూడా కలవలేదు. దాన్ని చూపించి ‘మీకూ కట్టిస్తాం’ అనే ఏజెంట్లు తగిలితే గుమ్మంలోంచే పంపెయ్యండి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈపీఎస్‌లో రెండు రకాల సర్వీసులున్నాయి. ఒకటి అర్హత సర్వీసు, రెండోది పింఛను సర్వీసు. పింఛను వస్తుందా రాదా అన్నది మొదటిది తేలుస్తుంది. ఎంత వస్తుందన్నది రెండోది తేలుస్తుంది. పథకం నిబంధనల్లోని 12వ పేరా ప్రకారం పదేళ్ల అర్హత సర్వీసు ఉండి 58 నిండితే పింఛనుకు హక్కు వస్తుంది. 9వ పేరా ప్రకారం వాస్తవ సర్వీసే అర్హత సర్వీసు. వాస్తవ సర్వీసంటే ఉద్యోగంలో చేరిన తేదీ నుంచి వదిలిన తేదీ దాకా ఉన్న కాలం. చందా జమైన నెలలను చూడమన్నది 10వ పేరాలో, అదీ పింఛను సర్వీసు విషయంలో.

మీరు ఉద్యోగం మానెయ్యలేదు, సెలవులో ఉన్నారు. పేరు రోల్స్‌లోనే ఉంది. కాబట్టి 2015 జులై నుంచి 2026 సెప్టెంబరు దాకా 135 నెలలు, అంటే పదకొండేళ్ల మూడు నెలలు, మీ అర్హత సర్వీసు అవుతుందన్నది నా అభిప్రాయం. హెచ్‌ఆర్ వారు పింఛను సర్వీసుకు చెయ్యాల్సిన కోతను అర్హత సర్వీసులో చేసేశారు. పీఎఫ్ కార్యాలయం కూడా అదే మాటంటే నోటిమాటగా విని తిరిగి రాకండి. ఏ పేరా ప్రకారం తిరస్కరించారో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. పైకి వెళ్లి వాదించాలంటే ఆ కాగితమే ఆధారం.

అయితే మీ విషయంలో అంత వాదన దాకా వెళ్లాల్సిన అవసరం రాకపోవచ్చు. మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. 2019 ఏప్రిల్ చీటీలో ‘ఈఎల్ 30’ అని ఉంది. మే చీటీలో ‘ఈఎల్ 15, ఎల్‌ఓపీ 16’ అని ఉంది. ఈఎల్ అంటే ఆర్జిత సెలవు, ఎల్‌ఓపీ అంటే జీతం లేని సెలవు. అప్పటి మీ బేసిక్, డీఏ 9,600. ఏప్రిల్‌లో పీఎఫ్ కింద 1,152 రూపాయలు కోశారు, మేలో 557 కోశారు. అంటే సెలవులో మొదటి 45 రోజులు మీరు దాచుకున్న ఆర్జిత సెలవులు, వాటికి జీతం ఇచ్చారు. సెలవులో ఉన్నా జీతం ఇచ్చారంటే దాని మీద చందా కట్టాల్సిందే. హెచ్‌ఆర్ వారు మాత్రం ఆ 45 రోజులను కూడా కలిపి గుండుగుత్తగా 22 నెలలు కొట్టేశారు. నిజంగా జీతం లేని కాలం ఇరవై నెలల పదహారు రోజులే.

ఆ నెలన్నర ఎందుకంత ముఖ్యమో చెబుతాను. లెక్క కట్టేటప్పుడు ఆరు నెలలు, అంతకు మించిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు, ఆరు నెలలకు తక్కువైతే వదిలేస్తారు. మీ తొమ్మిదేళ్ల అయిదు నెలలు తొమ్మిదిగా మిగులుతుంది. ఆ 45 రోజులు కలిస్తే తొమ్మిదేళ్ల ఆరున్నర నెలలై, పదిగా మారుతుంది. అప్పుడు హెచ్‌ఆర్ వారు చెప్పే లెక్కలోనే మీరు అర్హులవుతారు.

ముందు పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి 2019 ఏప్రిల్, మే నెలలు చూడండి. మీ వాటా, కంపెనీ వాటా, పింఛను వాటా అని మూడు అంకెలుంటాయి. ఏప్రిల్‌కు మూడో గడిలో 800 రూపాయలు ఉండాలి. ఉంటే తప్పు కంపెనీ నోటి లెక్కలోనే ఉన్నట్టు, ఇంకేం చెయ్యక్కర్లేదు. సున్నా ఉంటే, కంపెనీ ఆ నెలలను చందా లేని రోజులుగా, అదే ఎన్‌సీపీగా, చూపించిందన్నమాట. మీ దగ్గర కోసి జమ చెయ్యలేదంటే వ్యవహారం కాస్త గట్టిగానే ఉంటుంది. అయినా మీ సర్వీసుకు ఢోకా లేదు. 10వ పేరాలో ‘జమైన చందా’ అని మాత్రమే లేదు, ‘జమ కావలసిన చందా’ కూడా ఉంది. బకాయి వసూలు చేసుకోవడం పీఎఫ్ శాఖ పని. విచారణ జరిపి యాజమాన్యం నుంచి వడ్డీతో, పరిహారంతో సహా రాబట్టే అధికారం కమిషనర్‌కు ఉంది.

ముందే ఫిర్యాదుకు వెళ్లకండి. కంపెనీకి ఒక లేఖ రాసి, చీటీల నకళ్లు జతచేసి, ఎన్‌సీపీ రోజులు సరిచేసి పీఎఫ్ కార్యాలయానికి పంపమని అడగండి. లేఖ అందినట్టు రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. నెల రోజులైనా కదలకపోతే పీఎఫ్ వారి ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి. ప్రతి నెలా 27న జరిగే ‘నిధి ఆప్‌కే నికట్’ కార్యక్రమానికి వెళ్లి నేరుగా అధికారి ముందు కూర్చోవడం ఇంకా మేలు. పోర్టల్‌లో ‘పరిష్కరించాం’ అని మూసేసిన ఫిర్యాదులు, ఎదురుగా కూర్చుని చీటీ చూపిస్తే కదిలినవి నాకు తెలుసు.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. చివరి 60 నెలల సగటు జీతాన్ని పింఛను సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. మీ సెలవు 2021 జనవరితో అయిపోయింది, 60 నెలలు 2021 అక్టోబరు నుంచి లెక్కకొస్తాయి గనక సగటుకు దెబ్బ లేదు. ఆ సగటు 14,000 అనుకుంటే, తొమ్మిదేళ్లకు నెలకు 1,800, పదేళ్లకు 2,000. మీరు కొనాలనుకున్న 22 నెలలూ కలిసి పదకొండేళ్లయినా 2,200 దగ్గర ఆగుతుంది. అంటే మీరు పాతిక వేలు పట్టుకుని తిరుగుతున్నది నెలకు 200 కోసం.

అంతకన్నా పెద్ద సొమ్ము మీ 2003–2006 సర్వీసులో ఉండొచ్చు. ‘పీఎఫ్ తీసేసుకున్నాను’ అన్నారు. పీఎఫ్‌కు పెట్టేది 19వ నంబరు ఫారం. పింఛను సొమ్ముకు 10–సి అని వేరే ఫారం ఉంది. అప్పట్లో చాలా యూనిట్లలో రెండింటి మీదా ఒకేసారి సంతకాలు పెట్టించేవాళ్లు. మీరు 10–సి కింద డబ్బు తీసుకుని ఉంటే ఆ మూడేళ్లు పోయినట్టే. ఆ డబ్బు వెనక్కి కట్టి సర్వీసు బతికించుకునే ఏర్పాటు కూడా ఈపీఎస్‌లో లేదు. 19 మాత్రమే పెట్టి ఉంటే ఆ సర్వీసు ఇంకా బతికే ఉంది. పాత పీఎఫ్ నంబరు పట్టుకుని ఇప్పటి యూఏఎన్‌కు, అంటే అన్ని పీఎఫ్ ఖాతాలకూ కలిపి ఉండే ఒకే నంబరుకు, కలపమని అడగండి. మూడేళ్లు కలిస్తే పదేళ్ల గీత మీద గొడవే ఉండదు, పింఛనూ 2,600 దాకా వెళ్తుంది. పాత నంబరు ఎక్కడుందో తెలియదంటారేమో. ఒకావిడ నా దగ్గరికి రేషన్ కార్డు జిరాక్సుల కట్ట తెచ్చింది. ఆ కట్టలో మడిచిన స్కీమ్ సర్టిఫికెట్, అంటే పాత పింఛను సర్వీసుకు ఆధారంగా పీఎఫ్ శాఖ ఇచ్చే పత్రం, బయటపడింది. అదేదో బీమా కాగితమనుకుని పద్నాలుగేళ్లు దాచిందట. మీరూ ట్రంకు పెట్టె అడుగున ఒకసారి చూడండి.

58 దాటాక కంపెనీ కొనసాగించుకుంటే పని చెయ్యొచ్చు. పీఎఫ్ కోత ఉంటుంది గానీ మామూలుగా పింఛను సర్వీసు పెరగదు. అర్హత తేలాక, పింఛను తీసుకోవడం 60 దాకా వాయిదా వేసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. మీ ఇంటి పరిస్థితిలో వాయిదా వెయ్యమని నేను చెప్పను.

ఒక్క విషయంలో జాగ్రత్త. ఆఖరి రోజున హెచ్‌ఆర్ వారు సెటిల్‌మెంట్ కాగితాలతో పాటు 10–సి కూడా ముందు పెట్టొచ్చు. ఒకేసారి చేతికొచ్చే మొత్తం చూస్తే మనసు లాగుతుంది. దాని మీద సంతకం చెయ్యకండి. మీరు పెట్టాల్సింది 10–డి, నెలనెలా పింఛను కోరే ఫారం. మీ తర్వాత మీవారికి ఆ పింఛనులో సగం, కనీసం 1,000 రూపాయలు, వస్తుంది. 10–సి తీసుకుంటే ఆయనకు ఏమీ ఉండదు.

అన్నిటికన్నా ముందు ఆ మే నెల చీటీకి నాలుగు జిరాక్సులు తీయించండి. ‘ఈఎల్ 15’ అన్న చోట సిరా ఇప్పటికే సగం వెలిసిపోయింది.